స్కేలు మేడం కొట్టిన 'యెస్ సార్'

కాలేజీలన్నీ సెల్‌ఫోన్లలోకి దూరిపోయిన ఆ రోజుల్లో నాకు దయ్యాలంటే భయం ఉండేది కాదు గానీ, ముఖం చూపకుండా పేరు మాత్రమే వెలిగే నల్ల డబ్బాలంటే గుండె జారేది. రాంగోపాల్‌పేట్‌లో ఒక డిగ్రీ కాలేజీలో అప్పుడే చేరిన కాంట్రాక్టు ఎకనామిక్స్ లెక్చరర్ని. బన్సీలాల్‌పేట్‌లో పిండి గిర్ని మీది గదిలో, పైన ఇస్త్రీ చొక్కా, కింద లుంగీతో కూర్చుని పాఠం చెప్పేవాణ్ని. (కెమెరాకు నడుం కింద ఏం పని?) ఏటా మార్చిలో కాంట్రాక్టు పొడిగించాలి, లేదంటే సూట్‌కేసు సర్దుకోవడమే. సరిగ్గా ఫిబ్రవరి చివర్లో ప్రిన్సిపాల్‌గారి సర్క్యులర్ వచ్చింది. ఆన్‌లైన్ అధ్యాపకుల వృత్తి వికాసానికి 'తోడ్పాటు'గా ప్రతి జూనియర్ క్లాసులో ఒక సీనియర్ కూర్చుంటారట. ఉద్యోగం పీకే ముందు వాడే మెత్తటి మాట అదేనని నా గట్టి నమ్మకం. పైగా నా పేరు పక్కన ఉన్నది ఇంగ్లీషు చెప్పే స్కేలు మేడం. ఆవిడ చెక్క స్కేలు ముప్పయ్యేళ్ళలో ఎవరినీ కొట్టలేదట. బల్ల మీద ఒక్కసారి టప్పుమంటే నిలబడ్డ లెక్చరర్లు కూడా కూర్చునేవాళ్ళట.

భయంలో బుద్ధి గడ్డి తింటుంది. ముందురోజు పిల్లల వాట్సాప్ గ్రూపులో పెట్టాను: "రేపు చివర్లో నేను ఏది అడిగినా అందరూ వెంటనే 'యెస్ సార్' అని కొట్టండి. నా ఇజ్జత్ మీ చేతుల్లో ఉంది." కింద గిర్ని మామను కూడా గంటసేపు మిషన్ ఆపమని బతిమాలాను.

"ఏందీ సారూ, గింత పరేషాన్ అయితున్నవ్? పెండ్లిచూపులా?" అన్నాడు.

పాఠం డిమాండ్ వ్యాకోచత్వం, అంటే ధర పెరిగితే కొనడం ఎంత తగ్గుతుందన్న లెక్క. గిర్ని ఆగిపోయిన నిశ్శబ్దంలో నా గొంతు వణుకు నాకే వినిపించింది. మూలన స్కేలు మేడం నల్ల డబ్బా ఉలకదు, పలకదు. ఎలాగో ఒడ్డున పడ్డాను. చివర్లో, "అర్థమైందా?" అనాల్సినవాణ్ని నోరు జారి, "ఎవరికైనా అర్థం కాలేదా?" అన్నాను. అంతే, చాట్‌లో జలజలా రాలాయి. యెస్ సార్. యెస్ సార్. యెస్ సార్. క్లాసు క్లాసంతా ఏకగ్రీవంగా అర్థం కాలేదని ఒప్పుకుంది. అన్నిటికంటే కింద స్కేలు మేడం పేరుతో ఇంకొకటి: యెస్ సార్.

క్లాసు ఎలా ముగించానో గుర్తు లేదు. మంచం కింద సూట్‌కేసు వైపు చూస్తుండగా ఫోన్ మోగింది. ఆవిడే! లుంగీ సర్దుకుని, లేచి నిలబడి ఎత్తాను.

"ఏమయ్యా, గా 'యెస్ సార్' చూసి భయపడ్డవా?"

"లేదు మేడం" అన్నాను, అచ్చం భయపడ్డవాడి గొంతుతో.

"నాకు నిజంగనే అర్థం కాలే. డిమాండ్ సాగుతదంటివి, అదేమన్న రబ్బరా? పిల్లలు కొడుతుంటే ధైర్యమొచ్చి నేను సుత కొట్టిన. ఇగ విను. అర్థమైందా, కాలేదా అని అడగకు, సిగ్గుకు ఎవరూ నిజం చెప్పరు. 'యాడ ఆగిన్రు' అని అడుగు. ఉప్పు పిరమైనా కొంటం, మామిడిపండ్లు పిరమైతే బంద్ జేస్తం. గట్ల షురూ చెయ్యి."

అంతలో గొంతు తగ్గించారు. "జెర నాకో సాయం చెయ్యి. స్క్రీన్ మీద గా బొమ్మలెట్ల చూపిస్తున్నవ్? ఇన్ని నెల్ల సంది నాకు వస్తలేదు. ఎవరినన్న అడుగుదామంటే భయమైతుంది."

ఆవిడకూ భయమే! నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఆ వారమంతా నేను బొమ్మలు చూపించడం నేర్పాను, ఆవిడ నాకు అడగడం నేర్పారు. మార్చిలో కాంట్రాక్టు పొడిగించారు.

మేడం రిటైరయ్యారు. ఇప్పుడు ఆ సర్క్యులర్లో సీనియర్ల వరుసలో నా పేరుంది. మా కాలేజీలో శనివారం క్లాసులు ఇంకా ఆన్‌లైనే. మొన్న కొత్తగా చేరిన అమ్మాయి క్లాసులో నేనూ ఒక నల్ల డబ్బానై మూలన కూర్చున్నాను. పాపం, గొంతు వణుకుతోంది. చివర్లో, "డౌట్లేమైనా ఉన్నాయా?" అందో లేదో, 'యెస్ మేడం'లు జలజలా రాలాయి. (గ్రూపులో మెసేజ్ పెట్టినట్టే ఉంది.) నవ్వు ఆపుకుని నేనూ ఒక 'యెస్ మేడం' కొట్టాను. ఆ అమ్మాయి సూట్‌కేసు వైపు చూడకముందే ఫోన్ చేశాను.