కాటుక పూసిన ఇంజన్

బోథ్ ఊళ్లో, పత్తి నుంచి గింజ తీసే జిన్నింగు మిల్లులో నాతోపాటు పనిచేసిన ఆ మిస్త్రీని తలచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

మిల్లు సేటు గింజ తీసే యంత్రాలు, జిన్నులు, ఇంకో రెండు తెప్పించి, వాటినీ పాత ఆయిలింజన్‌తోనే నడపాలన్నాడు. దాన్ని ఏళ్లుగా నడుపుతున్నది నేను.

"ఆయిలు జర ఎక్కువ ఇడిస్తే అదే గుంజుతది సేటూ" అన్నాను.

కొత్తగా వచ్చిన ఆ మిస్త్రీ మాత్రం, "లోపలి సామాను ఓర్సుకోవాలె గద" అన్నాడు. ఎప్పుడూ అదే మాట. సేటు ఆ పని అతనికే అప్పజెప్పాడు.

ఇంజన్ మొత్తం విప్పాడు. గట్టి పిస్టన్ వేశాడు, రాడ్డుకు లావుపాటి బోల్టులు బిగించాడు. బేరింగులకు కొత్తగా లోహం పోసి, వాటిలో తిరిగే క్రాంకు ఇరుసుకు ఇంటినుంచి తెచ్చిన కాటుక పూసి తిప్పేవాడు. బేరింగు మీద నలుపు అంటిన చోటు ఎత్తుగా ఉన్నట్టు; అక్కడల్లా గీకేవాడు. మళ్లీ పూయడం, మళ్లీ గీకడం.

"పెండ్లిపిల్లను తయారు చేస్తున్నవా ఏంది" అని నేను వెక్కిరిస్తే నవ్వి మళ్లీ కాటుక అందుకునేవాడు.

జిన్నులన్నీ ఒక్కసారే ఆడిన రోజు, సేటు అందరి ముందూ అతని భుజం తట్టాడు. నా భుజం ఏనాడూ తట్టలేదు.

మర్నాడు అతను అన్నానికి పోగానే ఇంజన్‌లోకి ఆయిలు ఎక్కువ పోయేలా దాని స్క్రూ నాలుగు చుట్లు తిప్పాను. ఏదో ఒకటి విరగాలి, అతని పరువు పోవాలి. పొగ నల్లబడింది, మోత పెరిగింది. ఏదీ విరగలేదు.

అతను పరుగున వచ్చి స్క్రూ వెనక్కి తిప్పాడు. సేటుకు చెప్పలేదు. నా పక్కన నిలబడి మెల్లగా అన్నాడు:

"నువ్వు తిప్పుతవని నాకెరుకే అన్నా. దానికి గూడ ఓర్సుకునేటట్టే బిగిచ్చిన."