కడపంక్తి

మా ఇంట్లో ఆడవాళ్ళు ఆఖర్న తింటారు. మిగిలితే తింటారు అనడమే నిజానికి దగ్గర. ఆ మర్యాదే నాకు ఉద్యోగంలోనూ అంటుకుంది. ఏలూరులో ఒక ఆఫీసులో కాంట్రాక్టు మీద డేటా ఎంట్రీ చేసేదాన్ని. భీమడోలు నుంచి రోజూ రైల్లో వెళ్ళొచ్చేదాన్ని. కొల్లేటి చేపల చెరువుల మీద మా ఆయనకు పని దొరికితే దొరికినట్టు, ఇల్లు నా జీతం మీదే నడిచేది. కాంట్రాక్టు పొడిగించాల్సిన వాళ్ళ పేర్లు లైనుకొకటి చొప్పున టెక్స్ట్ ఫైల్లో కొట్టమంటే, నా పేరు అన్నిటికంటే కింద పెట్టాను. పైన పెట్టుకుంటే ఎవరేమనుకుంటారోనని.

ఆ ఫైలును ఒక్కో లైనూ చదివి పై ఆఫీసుకు పంపే షెల్ స్క్రిప్టు, అంటే ఒక చిన్న ప్రోగ్రాము, మా ప్రోగ్రామరు రాశాడు. ఇంజినీరింగు చదివాడు, ఆ సంగతి మమ్మల్ని మరిచిపోనివ్వడు. లైను చివర ఎంటర్ కొట్టి ఉంటేనే ఆ స్క్రిప్టుకు అది లైను. రాయడానికి ఇంకేమీ లేనప్పుడు కింది లైనుకు ఎవరు దిగుతారు? నేనూ దిగలేదు. చివర ఎంటర్ లేని నా పేరును స్క్రిప్టు వదిలేసి ఆగిపోయింది.

ఉత్తర్వులు వచ్చాయి. అందరూ ఉన్నారు, నేను లేను. వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. నాకు వడ్డించింది ఎవరి వాడూ కాదు.

ప్రోగ్రామరును అడిగితే తప్పు స్క్రిప్టుది కాదు, ఫైలుదన్నాడు. సూపరింటెండెంటు గారి దగ్గరకు వెళ్ళాను. మా వైపు గొంతు కోసేటప్పుడు కూడా అండీ అనే కోస్తారు. ఆయన కుర్చీ చూపించి, కాఫీ తెప్పించి, పైన సంతకాలయిపోయాయనీ, ఒక్క మనిషి కోసం మళ్ళీ కదపలేననీ చెప్పారు.

"అయినా ఆఖర్న ఉండమని మిమ్మల్ని ఎవరన్నారండీ?" అన్నారు.

ఒళ్ళు మండిపోయింది. మండుతూనే కాఫీ తాగాను.

వెళ్ళేలోగా ఫైలు సరిచేసి పెట్టమన్నారు, ఇంకెవరికీ ఇలా కాకూడదట. నా పేరు తర్వాత ఎంటర్ కొట్టాను. పైకి పంపకుండా, తెర మీద చూడ్డానికి మాత్రమే ప్రోగ్రామరు స్క్రిప్టు నడిపాడు. పేర్లన్నీ వరసగా దిగి, చివర నాది వచ్చింది, ఇంటిపేరుతో సహా. సిగ్గులేని ఆశ పుట్టింది నాకు. సూపరింటెండెంటు గారు వంగి చూసి సంతోషించారు.

"చక్కగా వచ్చిందండీ. ఇంక మీరు లేరు కదా, ఆ లైను తీసేయండి."

తీసేశాను. సేవ్ చేసి, వెళ్ళొస్తానండీ అన్నాను.