బీదపిల్ల వేషం

నా చిన్నప్పుడు మా అమ్మ సినిమాల్లో బిచ్చగత్తె. నవ్వొస్తే నవ్వండి, ఫరవాలేదు. కృష్ణానగర్‌లో మా సందు ఆడవాళ్ళు సగం మంది జూనియర్ ఆర్టిస్టులే. పెళ్ళి సీన్లో పట్టుచీర కట్టే అదృష్టం కొందరిది, గుడి మెట్ల మీద చెయ్యి చాపే పని మా అమ్మది. గుంటూరు వైపు నుంచి వచ్చిన మనిషి, చీర మీద చిన్న మరక పడినా ఊరుకునేది కాదు. అలాంటిది పొద్దున్నే తలస్నానం చేసి ఫిల్మ్ నగర్ వెళ్ళి, ఒంటికి మసి పూయించుకుని, హీరోయిన్ మేకప్ అయ్యేదాకా ఎండలో కూర్చునేది. సాయంత్రం ఇంటికొచ్చి, "ఇవాళంతా ఆగడమే సరిపోయిందే" అనేది. ఆ మాట వినని రోజు నాకు గుర్తులేదు.

అమ్మ షూటింగుకి వెళితే చంటి తమ్ముణ్ణి చూసుకునేది నేనే. అందుకని తొమ్మిదేళ్ళొచ్చినా నాకు బడి లేదు. యూసుఫ్‌గూడ వైపు ఒక రేకుల షెడ్డులో ఏదో సేవాసంస్థ వాళ్ళు మాలాంటి పిల్లలకి సాయంత్రాలు చదువు చెప్పించేవారు. చెప్పేది మా పక్కింటి అక్క. తమ్ముణ్ణి చంకనేసుకుని వెళ్ళినా ఏమీ అనేది కాదు. ఆదివారం సంస్థ పెద్దలు వస్తున్నారనీ, కొందరు పిల్లల్ని ఎంచి పెద్ద బడిలో వేస్తారనీ, తమ్ముణ్ణి చూసుకోవడానికి కూడా మనిషిని పెడతారనీ ఒకరోజు అక్క చెప్పింది. ఇక నా ధ్యాసంతా ఆదివారం మీదే.

బీదపిల్లలకే కదా బడి ఇస్తారు? మరి నేను బీదగా కనపడొద్దూ? అది ఎలాగో నాకు తెలుసు, మా ఇంట్లో ఉన్న విద్యే అది. ఆదివారం అమ్మ అటు షూటింగుకి వెళ్ళగానే బొగ్గు నూరి కొబ్బరినూనెలో కలిపి బుగ్గలకీ మోచేతులకీ పట్టించాను. జుట్టు రేపుకున్నాను. మిగతా గౌన్లు బకెట్లో నానుతున్నాయి. ఇక మిగిలింది ఒక్కటే, కాస్ట్యూముల దర్జీ దగ్గర మిగిలిన పసుపు గుడ్డ అడిగి అమ్మ కుట్టించిన గౌను. దాన్ని భుజం దగ్గర పర్రున చింపాను. అద్దంలో చూసుకుంటే అచ్చం సినిమాలో అమ్మే! ఎంత మురిసిపోయానో.

తమ్ముణ్ణి చంకనేసుకుని వెళితే, షెడ్డు గుమ్మంలో అక్క నన్ను చూసి బిత్తరపోయింది. "ఏందే ఇది? ఎవరు చేసిండ్రు గిట్ల?"

"నేనే వేసుకున్నానక్కా. బీదపిల్ల వేషం."

అక్క నవ్వబోయింది, కానీ నవ్వలేకపోయింది. "నీకు గా వేషం ఎందుకే, పిచ్చిదానా" అంటూ నన్ను కుళాయి దగ్గరికి తీసుకెళ్ళి సబ్బుతో రుద్దడం మొదలుపెట్టింది. సబ్బు కళ్ళలో పడిందనీ, మసి పోతే బడి కూడా పోతుందనీ, రెండింటికీ కలిపి వెక్కి వెక్కి ఏడ్చాను. తర్వాత తన చున్నీ నాకు చుట్టి, గౌను ఒళ్ళో పెట్టుకుని సూదీ దారం తీసింది.

అప్పుడే బయట కార్లు వచ్చాయి. అక్క తలుపు ఓరగా తీసి, "జర ఆగుండ్రి సారూ, మా పిల్ల తయారైతుంది" అంది.

"ఎలా ఉన్నా ఫరవాలేదమ్మా, మాకు టైం లేదు" అన్నారెవరో.

"నాకు ఫరక్ పడ్తది సారూ" అని తలుపు మూసేసింది. తొందరేమీ పడలేదు. కుట్టు పూర్తిచేసి, దారం పళ్ళతో కొరికి, నాకు నూనె రాసి రెండు జడలు వేసి, అప్పుడు తలుపు తీసింది. ఎండకి చెమటలు కక్కుతూ లోపలికొచ్చిన ఒక పెద్దావిడ, చదువుకుని ఏం చేస్తావని అడిగింది. గోడల మీద సినిమా పోస్టర్లలో మా అమ్మ పేరు ఎక్కడుందో చదువుతానన్నాను. ఎవరూ నవ్వలేదు. ఆ జూన్‌లోనే నన్ను బడిలో వేశారు.

సాయంత్రం అమ్మ గౌను మీద కుట్టు చూసింది. వీపు విమానం మోత మోగుతుందనుకుంటూ జరిగిందంతా చెప్పాను. అమ్మ గౌను సంగతి ఎత్తలేదు, బడి సంగతీ ఎత్తలేదు. "కార్లలో వచ్చినవాళ్ళు నీ కోసం ఆగారా?" అంది.

"ఆగారమ్మా."

"ఎండలోనా?"

"ఎండలోనే."

అన్నం పెడుతూ మళ్ళీ అడిగింది. చెయ్యి కడుగుతూ మళ్ళీ అడిగింది. మూడోసారి చెప్పేటప్పటికి అమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంటోంది.

పోస్టర్లన్నీ చదివాను. అమ్మ పేరు ఎక్కడా లేదు. అమ్మ కూడా ఇప్పుడు లేదు. ఆ రేకుల షెడ్డుకి స్లాబు పడింది, అక్క కూర్చున్న చోట నేను కూర్చుని పిల్లలకి చదువు చెబుతున్నాను. మొన్న ఫోటోలు తీసుకోవడానికి వచ్చినాయన, తల దువ్వని ఒక పిల్లని చూసి, "అలాగే ఉండనివ్వండి మేడం, సహజంగా ఉంది" అన్నాడు. ఆయన్ని బయటికి పంపి తలుపేశాను. పిల్లకి తల దువ్వి వేసిన రెండు జడలూ చక్కగా కుదిరాయి. అయినా విప్పి మళ్ళీ వేశాను. మా అమ్మ ఆగినంతసేపు ఎవరాగారు గనక? ఇంకాస్త ఆగనీ.