మిషనత్త మొద్దు కత్తెర

మిషనత్త అందం కోసం చెయ్యి కోయించుకుందని మా వీధిలో చెప్పుకున్నారు. యాభై రెండేళ్లకు పొట్టి చేతుల జాకెట్టు తొడగాలని సరదా పుట్టిందట. "ఊరికే పడి ఉండే ఎడమచెయ్యేగా, నెల్లాళ్లు కట్టు కట్టుకుని కూర్చుంటే ఏం పోయింది?" అని సరుకుల కొట్టావిడ అంటుండగా విన్నాను.  

మిషనత్త మా నాన్నకు అక్క. మెట్ల కింది గదిలో కుట్టుమిషను పెట్టుకుని ఇరవై ఏళ్లుగా వీధి మొత్తానికి బట్టలు కుడుతోంది. ఎనిమిదో తరగతిలో నా చదువు ఆగిపోయాక గుండీలు, కాజాలు నా పాలయ్యాయి. గుడ్డ కత్తిరించేటప్పుడు అత్త నోటినిండా గుండుసూదులుంటాయి. ఎవరైనా పలకరిస్తే జవాబు చెప్పలేదు కాబట్టి తెర వేసేస్తుంది. కత్తెర మాత్రం గోడకు అందరికీ కనిపించేలా వేలాడుతుంటుంది. అడిగినవాళ్లకు కాదనకుండా ఇస్తుంది. వాళ్ల చేతుల్లో గుడ్డ తెగదు, రెండు రేకుల మధ్య మడతపడి నలుగుతుంది.

"ఇంత మొద్దు కత్తెరతో ఎలా కుడుతున్నావు వదినా? మళ్లీ అడగకూడదని మాకిది ఇస్తున్నావా?"

"కత్తెరకేం, మీ గుడ్డే మొండిది వదినా."

అత్త మూత్రపిండాలు పాడై ఆరేళ్లయింది. వారానికి మూడుసార్లు డయాలసిస్. సూదులు గుచ్చడానికి వీలుగా చేతిలో ధమనిని సిరకు కలిపి కుడతారు. దాన్ని ఫిస్టులా అంటారు. మొదట కుడిచేతికి వేశారు. మూడు నెలలకే మూసుకుపోయింది. తర్వాత ఎడమచేతికి వేసింది నిలబడింది. వేలు ఆనిస్తే లోపల తుమ్మెద ఉన్నట్టు రొద తెలుస్తుంది. రొద ఆగిందంటే అదీ పోయినట్టే.

ప్రతిసారీ ఒకేచోట గుచ్చమని నర్సును అత్తే అడిగేది. అలవాటైన చోట నొప్పి తెలియదు. నర్సుకూ సులువు. అలా ఇద్దరూ ఒకరి సుఖం ఒకరు చూసుకుంటూ ఉండగా నాళం రెండుచోట్ల నిమ్మకాయంత ఉబ్బింది. పైదాని మీద చర్మం పలుచబడి మెరిసింది. అక్కడొక పుండు చెక్కుకట్టి మానకుండా ఉండిపోయింది.

"ఇది పగిలితే ఆసుపత్రి దాకా కూడా రాలేరు," అన్నాడు సర్జను. రెండు దారులు చెప్పాడు. మొత్తం కట్టేసి, మెడలో గొట్టం పెట్టి, తర్వాత పైచేతిలో కొత్తది వేయడం ఒకటి. ఉబ్బిన గోడను కోసేసి, మిగిలినదాన్ని సన్నగా కుట్టి ఉన్నదాన్నే నిలుపుకోవడం రెండోది. అందులో రక్తం గడ్డకట్టవచ్చు. పక్కనున్న నరానికి దెబ్బ తగిలితే వేళ్లు మొద్దుబారవచ్చు.

"వదులైనచోట లోపలికి పట్టి కుడతారన్నమాట," అంది అత్త.

"అంతేనమ్మా."

"మరీ బిగించకండి బాబూ, పిగిలిపోతుంది."

ఆయన నవ్వాడు. అత్త నవ్వలేదు. "ఈ రొద పోతే నేను లేను. ఈ వేళ్లు పోతే నా కొట్టు లేదు. రెండూ చూసి కుట్టండి."

పుండు ఉన్నదాన్ని ముందు సరిచేశారు. అది మానేదాకా సూదులు కింది భాగంలో, ప్రతిసారీ కొత్తచోట గుచ్చారు. మెడలో గొట్టం అవసరం పడలేదు. రెండోదాన్ని ఆరు వారాల తర్వాత చేశారు. ఆ రోజు గదిలోకి తీసుకురాగానే అత్త నన్ను పిలిచింది.

"ఏమే, చెవి పెట్టి చూడు."

కట్టు అంచున చెవి ఆనించాను.

"ఉందత్తా."

"నా మనసు కోసం చెప్పకు."

"ఒట్టు."

సాయంత్రానికి చేతి మత్తు వదిలింది. వేళ్లు ఒక్కొక్కటే ముడిచి విప్పింది. చిటికెనవేలు కాస్త ఆలస్యం చేసింది కానీ, మాట వింది.

అత్త ఇప్పటికీ మణికట్టు దాకా చేతులున్న జాకెట్లే తొడుగుతుంది. నిన్న సరుకుల కొట్టావిడ కూతురి గౌనుకు గుడ్డ తెచ్చింది. పొట్లం తాడు తెంచడానికి గోడమీది కత్తెర తీసి రెండుసార్లు నొక్కింది. తెగలేదు. "చెయ్యి నున్నగా చేయించుకున్నావు, దీనికి సాన పట్టించలేకపోయావా వదినా?" అని నవ్వి, పళ్లతో తెంచుకుని వెళ్లిపోయింది.

అత్త తెర వేసి, అదే కత్తెరతో గౌనుగుడ్డను ఈ చివర నుంచి ఆ చివరకు ఆగకుండా కోసింది. ఆ కత్తెర ఎడమచేతివాటం వాళ్ల కోసం చేసింది, కుడిచేతికి తెగదు. మా అత్తది ఎడమచేతివాటం.