బట్టల కొట్టులో నాలుగో పిల్లరు

ఛత్తీస్‌గఢ్‌లో మేముండే ఊళ్లో వైశాలి నగర్‌లోని ఆ భవనం చూడమని నన్ను పిలిచినాయన మా నాన్నకు దూరపు పరిచయం. చరోదా యార్డులో రైల్వే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. విజయనగరం వైపు మనిషి. కింద బట్టల కొట్టు, పైన ఆయనా భార్యా ఉండే ఇల్లు. కొట్టు ముందు గోడ తీసేసి అద్దాలు పెట్టించాలి, కొట్టును రెండుగా విడగొట్టాలి, పైన ఇంకో అంతస్తు వేసి కోచింగ్ సెంటరుకి ఇవ్వాలి. ఇదీ ఆయన ఆలోచన. స్మృతి నగర్‌లో ఒక గది తీసుకుని నేను ఆర్కిటెక్ట్ ఆఫీసు పెట్టి అప్పటికి ఆరేళ్లు. ఎక్కువగా ఇలాంటి పాత భవనాలకే మార్పులూ మరమ్మతులూ గీసేదాన్ని. పెద్ద పని వచ్చిందని సంతోషంగానే వెళ్లాను.

ఆ సంతోషం పావుగంటలో పోయింది. టీ తాగాక ఆయన తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పాడు.

"కింద కొట్టోడు ఎంత సెప్పినా ఎల్లడమ్మా. ఈ బిల్డింగు పడిపోద్దని నువ్వో కాయితం రాసిచ్చీ. మిగతాది నాను సూసుకుంటాను."

చూడకుండా ఎలా రాయగలనన్నాను. చూడమనే కదా పిలిచానని నవ్వి, వీధివైపు పడకగదిలోకి తీసుకెళ్లి గోడ మీద బీట చూపించాడు. కిటికీ మూల నుంచి ఏటవాలుగా కిందికి దిగింది. గోరు దూరేంత వెడల్పుంది. అంచులు మాత్రం తెల్లగా, నిన్న మొన్న గీకినట్టున్నాయి. బీట నిజమైనదే కావచ్చు, ఈయనే ఉలి పెట్టి పెద్దది చేశాడేమో అనిపించింది. ఒకసారి అలా అనిపించాక ఆ ఇంట్లో ఏదీ మామూలుగా కనపడలేదు. ఆయన దగ్గినా నాకేదో సైగ చేస్తున్నాడనే అనుకున్నాను.

కొలతలు తీసుకోవడానికి కిందికి దిగాను. కొట్టతను ఛత్తీస్‌గఢ్ మనిషే. పాతికేళ్లుగా అక్కడే వ్యాపారం. వచ్చే ఆడవాళ్లలో సగం మంది మనవాళ్లే కావడంతో చీరలు అమ్మీ అమ్మీ తెలుగు నేర్చుకున్నాడు. ఇంటి ఓనరు పంపిన మనిషినని తెలియగానే ముఖంలో నవ్వు పోయింది. నేను టేపు పట్టిన చోటికల్లా వెనకే వచ్చాడు. మూడు పిల్లర్లు కనిపించాయి. లెక్క ప్రకారం నాలుగోది ఎడమ మూలలో ఉండాలి. అక్కడ ట్రయల్ రూమ్ ఉంది. దాని వెనక గోడకు చెక్క కొట్టి, నేల నుంచి పైదాకా నిలువుటద్దం బిగించాడు. పైన బీట సరిగ్గా ఆ మూల మీదే ఉంది.

అద్దం తీసి చూపించమన్నాను. పెళ్లిళ్ల సీజన్ అన్నాడు. రెండోసారి వెళ్తే మేస్త్రీ దొరకడం లేదన్నాడు. మూడోసారి నేను చెక్క మీద వేలితో తట్టి చూస్తుంటే, కస్టమర్లు బట్టలు మార్చుకునే చోటు దీదీ, అలా నిలబడకండి అని కర్టెన్ లాగేశాడు. కొట్టు జాగా పెంచుకోవడానికి పిల్లర్నే చెక్కేశాడని నాకు దాదాపు ఖాయమైపోయింది. ఇలాంటివి ముందే రెండు చూశాను. ఒక హోటలువాడు ఫ్రిజ్ పట్టడం లేదని పిల్లరు సగం తొలిచి టైల్స్ అంటించేశాడు.

అలా ఒక ఓనరూ, ఒక కిరాయిదారూ, ఇద్దరూ అబద్ధాలాడుతున్నారన్న నమ్మకంతో మధ్యలో నేను. ఎవరి మాటా నమ్మనక్కర్లేని పద్ధతి ఒకటుంది. బీటకు అడ్డంగా సన్నని గాజుపట్టీ పెట్టి రెండు చివర్లా ప్లాస్టర్‌తో అంటిస్తాం. బీట కదులుతుంటే గాజు పగులుతుంది. ఆ రోజు నేను గాజు అంటిస్తుంటే ఓనరు భార్య పక్కనే నిలబడి చూసింది. ఆవిడను నేను పిన్నీ అనేదాన్ని. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఇదేటి తల్లీ అని అడిగితే అంతా వివరంగా చెప్పాను. గాజు పగిలితే ఏటి సేస్తావంది. ఇక ఆగకుండా పని మొదలుపెట్టించాల్సిందే అన్నాను.

పది రోజులకు ఓనరు ఫోన్ చేశాడు. గాజు పగిలిందట. గొంతులో పట్టరాని సంబరం. వెళ్లి చూశాను. బీట కదిలి పగిలితే గాజు బీట వెంబడే చీలాలి. ఇది బీటకు రెండు అంగుళాల అవతల పగిలింది. అక్కడ దెబ్బ తగిలిన గుర్తు, దాని చుట్టూ సాలెగూడులా గీతలు. ఎవరో కొట్టారు. ఎవరో కాదు, ఈయనే అనుకున్నాను. ఇన్నాళ్ల కోపం ఒక్కసారిగా వచ్చింది. బాబాయిగారూ, ఇది మీరే పగలగొట్టారు కదా అని మొహం మీదే అడిగేశాను.

ఆయన ముఖం ఎర్రబడింది. రైల్వేలో ముప్పై ఏళ్లు చేసిన వాణ్ని పట్టుకుని దొంగంటావా అన్నాడు. కొట్టోడు నిన్ను కొనేశాడు అన్నాడు. నేను బ్యాగు తీసుకుని మెట్ల దాకా వచ్చేశాను. పిన్ని వెనకే వచ్చి నా చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్లింది.

"ఆయన్నేటనకు తల్లీ. కొట్టింది నానే. పప్పుగుత్తితో కొట్టీసేను."

ఆవిడ నింపాదిగా చెప్పింది. కిందటి ఏడాది కింద కొట్లో జాకెట్టు వేసుకుని చూసుకుంటుంటే అద్దం వెనక ఏదో జారి రాలిన చప్పుడైందట. ఇసక పోసినట్టు. మళ్లీ వానాకాలంలో ఇంకోసారి. మొగుడికి చెబితే అదంతా కొట్టోడి నాటకం అన్నాడు. కొట్టతనికి చెబితే ఎలకలంటూ మాట మార్చేశాడు. ఆ మూల మీదే ఆవిడ మంచం. పడుకుంటే తన కింద ఏం జరుగుతోందో అన్న బెంగ.

"గాజు పగిల్తే పని మొదలెడతానని నువ్వే సెప్పావు కదా. అది పగిలేదాకా నాను బతికుంటానేటి?"

ఆవిడే నన్ను వెంటబెట్టుకుని కిందికి దిగింది. కొట్లో ఇద్దరు ఆడవాళ్లు చీరలు చూస్తున్నారు. వాళ్లు వెళ్లేదాకా స్టూలు మీద కూచుంది. తర్వాత షట్టరు సగం దించమని చెప్పి, ఆ అద్దం తియ్ భయ్యా అంది. రోజూ పైనుంచి అతనికి ఫ్లాస్కులో చాయ్ పంపే మనిషి. ఆవిడకు అబద్ధం చెప్పడం కొట్టతని వల్ల కాలేదు. నావైపు తిరిగి మాత్రం అన్నాడు.

"శీషా తియ్యమంటే తీస్తాను దీదీ. రేపు నన్ను కూడా ఇలాగే తీసేస్తారు."

అద్దం దించి, చెక్క మేకులు ఊడదీశాడు. టార్చి వేశాను. పిల్లర్ని ఎవరూ చెక్కలేదు. నాలుగు మూలలా ఎల్ ఆకారపు ఇనప యాంగిల్స్ నిలబెట్టి, వాటికి అడ్డంగా జానెడు జానెడు దూరంలో పట్టీలు వెల్డింగ్ చేసి, పిల్లర్ని పంజరంలో పెట్టినట్టు బిగించారు. లోపల కాంక్రీటు చెమ్మతో నల్లబడింది. తుప్పు పట్టి ఉబ్బిన కడ్డీలు పెచ్చుల్ని బయటికి నెట్టేశాయి. వెల్డింగ్ మాత్రం చూడముచ్చటగా ఉంది. మా నాన్న ఇక్కడి స్టీల్ ప్లాంటులో ఆ పనే చేశాడు కాబట్టి నాకు తెలుసు, అది రోడ్డు పక్క షాపువాడి చెయ్యి కాదు.

కొట్టతను అప్పుడు మొత్తం చెప్పాడు. అయిదేళ్ల కిందట పెచ్చు ఊడి పడింది. ప్లాంటులో వెల్డరుగా రిటైరైన ఒక కస్టమరుని బతిమాలి, మంగళవారం సెలవు రోజుల్లో తలుపులేసుకుని ఈ పని చేయించుకున్నాడు. ఓనరుకి చెబితే భవనం శిథిలమైందన్న వంకతో మర్నాడే ఖాళీ చేయిస్తాడని భయం. అందుకే అద్దం. నేను ఎవణ్నయితే పిల్లరు తొలిచిన వాడనుకున్నానో, ఆ ఇంటిని అయిదేళ్లుగా నిలబెట్టింది వాడే. సిగ్గేసింది. అయినా కోపమూ పోలేదు. అప్పుడే చెప్పి ఉంటే పై బాత్‌రూమ్ పైపు కారుతోందని అప్పుడే తెలిసేది. ఆ నీరే పిల్లర్లోకి దిగుతోంది. పంజరం బరువును ఆపగలదు గానీ తుప్పును ఆపలేదు.

నాకు తెలిసిన స్ట్రక్చరల్ ఇంజినీరుని తీసుకొచ్చాను. ఆయన రోజంతా పరీక్షించి, పైన బీట ఈ పిల్లరు వల్లే వచ్చిందని తేల్చాడు. చుట్టూ ఉక్కు ఊతలు పెట్టి, ఆ పిల్లర్ని కొట్టేసి కొత్తగా పొయ్యాలి. నెలన్నర కొట్టు ఖాళీగా ఉండాలి. పైన ఇంకో అంతస్తు ఆలోచన మానుకోవాలి.

కొట్టు ఖాళీ అన్న మాట దగ్గర అంతా ఆగిపోయింది. ఒకసారి బయటికెళ్తే కొత్త తాళం పడుతుందన్నాడు కొట్టతను. తాళం ఎందుకేస్తానన్నాడే గానీ, వెయ్యనని ఓనరు ఒక్కసారీ అనలేదు. కాగితం రాసుకోమన్నాను. కాగితం రాసేది నువ్వే కదా, నువ్వెవరి పక్షం అని ఇద్దరూ నన్నే అడిగారు. వారం రోజులు అలా గడిచింది. ఆకాశంలో మబ్బులు మొదలయ్యాయి.

చివరికి దారి చూపింది పిన్నే. ఆ ఇంటి హాలు వెనకవైపు, వేరే పిల్లర్ల మీద ఉంది. మెట్లెక్కగానే హాలే వస్తుంది. కొట్టు హాల్లో పెట్టుకోమంది.

"ఆడి సామాను మన ఇంట్లో ఉంటే ఆడెక్కడికి పోతాడు, మీరెక్కడికి పంపుతారు?"

ఓనరు కుర్చీ తీసుకెళ్లి హాలు మూలలో వేసుకుని, నేనిక్కడే కూచుంటానన్నాడు. దాన్నే ఒప్పుకోలు అనుకున్నాం. హాలు ఎంత బరువు మోస్తుందో ఇంజినీరు చెప్పాడు. అంతకు మించకుండా కొంత సరుకు పైకి చేర్చి, మిగతాది కొట్టతను తన ఇంటికి పంపేశాడు. ఆ పిల్లరు మీదున్న పడకగది ఖాళీ చేయించాను. పిల్లరు కొట్టిన రెండు రోజులూ ఓనర్నీ, పిన్నినీ, కొట్టతన్నీ ఇంట్లోకి రానివ్వలేదు. వీధికి అవతల టీ బండి దగ్గర ఒకే బల్ల మీద, ఒకరితో ఒకరు మాట్లాడకుండా కూచున్నారు.

నెలన్నరా నేను రోజూ వెళ్లాను. మెట్ల నిండా ఆడవాళ్ల చెప్పులు. టీవీ ముందు చీరల మడతలు. ఓనరు కుర్చీలోంచి కొట్టతని మీదనుంచి చూపు తిప్పేవాడు కాదు. కొట్టతనూ అంతే, ఆయన లేచి ఎటు కదిలినా మాట మధ్యలో ఆపేసేవాడు. ఒకరోజు ఎవరో అమ్మాయి రెండు చీరలు పట్టుకుని తేల్చుకోలేక నిలబడితే, ఆ నీలంది తీసుకోమ్మా, ఉతికినా రంగు పోదు అన్నాడు ఓనరు, కుర్చీలోంచే. ఆ మాట అన్నాక ఆయనే ఇబ్బందిపడి పేపరు ఎత్తి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. పిన్ని వంటింట్లోంచి నా వంక చూసింది.

పని అయ్యాక కొట్టతను కిందికి దిగాడు. తాళం మారలేదు. ముందు గోడకు అద్దాలు వచ్చాయి, కొట్టు మాత్రం రెండు కాలేదు. పైఅంతస్తు కోసం ఓనరు నాకు చెప్పకుండా ఇంకో ఆర్కిటెక్ట్‌ని తెచ్చి చూపించుకున్నాడు. ఆవిడా వద్దనే చెప్పిందట. నేనూ ఆవిడా ముందే మాట్లాడేసుకున్నామని ఆయన నమ్మకం. నేను తనని దొంగని చేసిన సంగతి ఆయన మరిచిపోలేదు. పెళ్లిళ్లలో ఎదురైతే నాన్నను పలకరిస్తాడు, నన్ను పలకరించడు. ఆయనకు క్షమాపణ చెప్పడానికి రెండుసార్లు వెళ్లాను. రెండుసార్లూ పిన్నే తలుపు తీసి, ఆయన పడుకున్నాడంది. టీవీలో వార్తలు వినిపిస్తూనే ఉన్నాయి.