మొయినుద్దీన్ మావయ్య మెయిన్ స్విచ్ మార్చిన వైనం

మొయినుద్దీన్ మావయ్య చేతిలో బాగుపడని కరెంటు సామాను లేదు. కానీ అది బాగుపడిందని ఆయన నోటితో ఒప్పుకున్నట్టు బందరులో ఎవరూ ఎరగరు. మా వీధి మొత్తానికి ఆయనే ఎలక్ట్రీషియను. ఏ ఇంటికి వెళ్ళినా ముందు స్టూలు తెప్పించుకునేవాడు. ఎక్కడానికి కాదు, కూర్చోడానికి. కూర్చుని, గోడమీది వైర్లకేసి చావుబతుకుల్లో ఉన్న చుట్టాన్ని చూసినట్టు చూసి, "ఇక లాభం లేదండీ" అని నిట్టూర్చేవాడు. ఆ తర్వాత లేచి శుభ్రంగా బాగుచేసేవాడు.

ఒకసారి పెళ్ళింట్లో రంగు బల్బులు కడుతూ, సరిగ్గా ముహూర్తానికి ఇవన్నీ ఆరిపోతాయని పెళ్ళికూతురి తండ్రికి చెప్పాడు. ఆయన హడలిపోయి ఊళ్ళో దొరికిన పెట్రోమాక్సు లైట్లన్నీ తెప్పించాడు. బల్బులు తెల్లారేదాకా వెలిగాయి. వాటికిందే కూర్చుని భోంచేస్తూ మావయ్య, ఇవాళ వెలిగాయి కదా అని మురిసిపోవద్దని అందరికీ చెప్పాడు. గిలకలదిండిలో చేపల వ్యాపారి ఒకాయనకి ఫ్యాను బిగించి, కింద పడుకునేటప్పుడు అల్లాని తలుచుకోమన్నాడు. పాపం ఆయన ఎండాకాలమంతా వరండాలో పడుకున్నాడు. నిఖా రోజున ఒప్పుకుంటావా అని ఖాజీ అడిగితే కూడా, కబూలే గానీ ఎన్నాళ్ళుంటానో అన్నాడని సఫియా అత్తయ్య నవ్వుతూ చెప్పేది.

ఉప్పెన వచ్చింది. దివిసీమలో పాలకాయతిప్ప దగ్గరి ఊళ్ళో మా అమ్మకి వరసకి చెల్లెలు నాగేశ్వరమ్మ పిన్ని ఉండేది. భర్తా, ఇద్దరు పిల్లలూ నీళ్ళలో పోయారు. తుమ్మచెట్టు పట్టుకుని ఆవిడ ఒక్కతే మిగిలింది. మా నాన్న వెళ్ళి బందరు తీసుకొచ్చాడు. వచ్చిందగ్గర్నుంచి మాట లేదు. కంచం ముందు పెట్టి చేతికి ముద్ద అందిస్తే తినేది, లేకపోతే లేదు. చుట్టాలు వచ్చి, దేవుడున్నాడని ఒకరూ, మేమంతా లేమా అని ఒకరూ, ధైర్యం చెప్పి వెళ్ళేవాళ్ళు. వాళ్ళు వెళ్ళినకొద్దీ ఆవిడ గోడకి ఇంకాస్త దగ్గరగా జరిగేది. ఈ మనిషి మనకి దక్కదని అమ్మ వంటింట్లో ఏడ్చేది.

ఆ ఉప్పెన గాలికే మా వరండా పెంకులు లేచిపోయి, మెయిన్ స్విచ్‌లోకి నీళ్ళు దిగాయి. వీధిలో కరెంటు మళ్ళీ వచ్చాక మా ఇంట్లో లైట్లు కొట్టుకోవడం మొదలెట్టాయి. స్విచ్ ఇనప పెట్టె ముట్టుకుంటే కాలేది, మాడు వాసన వేసేది. ఫ్యూజు వైరు ఎన్నిసార్లు మార్చినా అంతే. ఇల్లు అంటుకుంటుందేమోనని అమ్మ మావయ్యకి కబురు పెట్టింది.

ఆయన వచ్చాడు, స్టూలు మీద కూర్చున్నాడు. స్తంభం దగ్గర ఫ్యూజు తీయించి, టెస్టరు పెట్టి చూసి, పెట్టె మూత విప్పాడు. లోపల రాగి పలకలు నల్లగా మాడి, చిలుం పట్టి ఉన్నాయి. ఇది బాగుచేసేది కాదు, కొత్తది వేయాలి అన్నాడు. కొత్తది సంచీలో తెచ్చాడు కూడా. దాన్ని ఒళ్ళో పెట్టుకుని, ఇది వేసినా వెలగదన్నాడు. మామూలుగా ఆయన దిగులు టీ చల్లారేలోపు తీరిపోయేది. ఆ రోజు మధ్యాహ్నం దాకా తీరలేదు. గోడ చెమ్మెక్కింది, వైరు కుళ్ళింది, తన కళ్ళు కనబడటం లేదు, చేతులు వణుకుతున్నాయి. ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయాడు. ఓదార్చే ఓపిక లేక అమ్మ లోపలికి వెళ్ళిపోయింది.

పెంకులు పోయినచోట తాటాకులు కప్పడంతో వరండాలో స్విచ్ ఉన్న మూల చీకటి. ఒక చేత్తో బ్యాటరీ లైటు, ఇంకో చేత్తో స్క్రూడ్రైవరు పట్టుకుని, అదీ ఇదీ జారవిడుస్తూ ఆయన అవస్థపడుతున్నాడు. గోడవారనున్న పిన్ని చాలాసేపు చూసింది. చివరికి లేచి ఆయన దగ్గరికి వెళ్ళింది.

"లైటు ఇటివ్వండి, నేను పట్టుకుంటాను. మీరు పని చూడండి" అంది.

బందరు వచ్చాక పిన్ని నోట మాట వినడం నాకదే మొదటిసారి. మావయ్య మాత్రం ఆశ్చర్యపోలేదు. లైటు ఆవిడ చేతికిచ్చి, వైర్ల కొనలు బ్లేడుతో గీకి, కొత్త స్విచ్‌కి ఒక్కొక్కటే బిగించాడు. అప్పుడు చేతులేమీ వణకలేదు. వెళ్ళి స్తంభం దగ్గర ఫ్యూజు పెట్టించి వచ్చి, స్విచ్ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఇది వెలగదమ్మా. వేయాలంటే నాకు భయంగా ఉంది."

"అన్నీ బిగించారుగా, ఎందుకు వెలగదు? తప్పుకోండి" అని పిన్నే పిడి పైకెత్తింది. వరండా బల్బు నిలకడగా వెలిగింది.

"రేపటికి ఉంటుందో లేదో" అన్నాడు మావయ్య.

"రేపటి సంగతి రేపు చూసుకుందాం, అన్నయ్యగారూ."

ఆ మాట తన నోటినుంచే వచ్చిందని తెలిసి కాబోలు, పిన్ని ఆ బల్బుకేసే చూస్తూ ఉండిపోయింది. తర్వాత వంటింట్లోకి వెళ్ళి ఆయనకి టీ పెట్టమని అమ్మకి చెప్పింది.

టీ ఇస్తూ అమ్మ గొంతు తగ్గించి, ఇవాళ ఎందుకు అంత బెంగపడ్డారని అడిగింది. పిన్ని దగ్గర్లో లేదని చూసుకుని ఆయన చెప్పాడు: "అందరూ ఆవిడకి ధైర్యం చెప్పేవాళ్ళే చెల్లెమ్మా. అంత ధైర్యం తీసుకుని ఎక్కడ పెట్టుకుంటుంది? తను ధైర్యం చెప్పడానికి ఆవిడకీ ఒక మనిషి కావాలిగా."

గ్లాసు దించి, పిన్నిని పిలిచాడు. తన ఇంటి దూలం ఇవాళో రేపో పడుతుందనీ, సఫియా తన మాట నమ్మదనీ, ఒకసారి వచ్చి చూసి చెప్పమనీ బతిమాలాడు. ఆ దూలం ఉప్పెనకే చెక్కుచెదరలేదని వీధంతటికీ తెలుసు. పిన్నికి చెప్పుల్లేవు. అమ్మ చెప్పులు తొడుక్కుని ఆయన వెంట బయల్దేరింది.

వాళ్ళు వీధి మలుపు తిరిగేదాకా పిన్ని గొంతు మాకు వినిపిస్తూనే ఉంది. దూలానికి చెదలు పట్టిందో లేదో చూడకుండానే పడుతుందంటే ఎలాగండీ అని ఆయన్ని కోప్పడుతోంది.