వాన తుడిచేసిన ఆట

లోర్నా పిట్‌కిన్ ఒహాయోలో ముప్పయ్యేళ్లు ఇంటింటికీ ఉత్తరాలు పంచి రిటైరైంది. ఆ తర్వాత ఊరికే కూర్చోలేక, ఎవరికీ గుర్తులేని బేస్‌బాల్ ఆటగాళ్ల చరిత్రలు తవ్వడం మొదలుపెట్టింది. మహా మొండిది. పట్టుకున్న పేరును ఒక పట్టాన వదలదు.

ఈసారి పట్టుకున్నది ఆల్విన్ హెక్‌మన్ పేరు. పక్కవీధి డోర్తియా తండ్రి ఆయన, పాల డెయిరీలో పనిచేసేవాడు. 1931లో ఒక్కరోజు పెద్ద లీగులో పిచర్‌గా బంతులు విసిరానని చచ్చేదాకా చెప్పాడు. రికార్డుల పుస్తకంలో మాత్రం ఆయన పేరు లేదు. బడిలో పిల్లలు ఆ పుస్తకం చూపించి వెక్కిరించిన రోజు నుంచి కొడుకు మెర్ల్ తండ్రి మాట నమ్మడం మానేశాడు. అంత్యక్రియల్లో కూడా "నాన్న గొప్పలకు పోయేవాడు" అన్నాడట.

"నాకు తొంభై వస్తున్నాయమ్మాయ్. మా నాన్న అబద్ధాలకోరో కాదో తేల్చి చెప్పు, ఏదైనా తట్టుకుంటా," అంది డోర్తియా.

లోర్నా రెండేళ్లపాటు లైబ్రరీలో పాత పేపర్ల స్కోరు పట్టికలన్నీ జల్లెడ పట్టింది. ఎక్కడా హెక్‌మన్ లేడు. ఇక నావల్ల కాదని చెప్పేద్దామని డోర్తియా ఇంటికి వెళ్లింది. ఆవిడ ఆపిల్ పై అనే తీపి వంటకం కోసిపెడుతూ పాత సంగతులు ఎత్తుకుంది.

"ఆట రోజు నాన్న కొత్త సూటు వేసుకెళ్లి తడిసి ముద్దయి వచ్చాడని మా అమ్మ జన్మంతా సాధించింది."

"వానొచ్చిందా ఆ రోజు?"

"వానంటే వానా! ఆట మధ్యలోనే ఇంటికి పొమ్మన్నారట."

లోర్నాకు తన నెత్తిన తానే మొట్టుకోవాలనిపించింది. అయిదు ఇన్నింగ్స్ కాకముందే వానకు ఆగిన ఆట రికార్డుల లెక్కలోకే రాదు. మళ్లీ మొదటి నుంచి ఆడతారు. ఇన్నాళ్లూ తను వెతికింది పూర్తయిన ఆటల్లో! సగం తిన్న ముక్క వదిలేసి లైబ్రరీకి పరుగెత్తింది. రద్దయిన ఆటల వార్తల్లో నాలుగే నాలుగు లైన్లు దొరికాయి. హెక్‌మన్ అనే కొత్త కుర్రాడు వరసగా ముగ్గుర్ని అవుట్ చేశాడనీ, అంతలో కుండపోత మొదలైందనీ.

డోర్తియా అది చదివి ఏడ్చింది, నవ్వింది, వెంటనే తమ్ముడికి ఫోన్ కొట్టింది.

"ఒరేయ్ మెర్ల్, ముందు పళ్లసెట్టు పెట్టుకుని కూర్చో. నాన్న ఆడాడురా! పేపర్లో పడింది, విను," అంటూ చదివి వినిపించింది.

మెర్ల్ ఇంకోసారి చదవమన్నాడు. చదివింది.

"ఎంతమందినన్నావక్కా?"

"ముగ్గుర్నిరా."

"నాతో ఎప్పుడూ ఇద్దర్నే అని చెప్పేవాడే," అన్నాడు మెర్ల్.